చేతి ముద్ద

చెయ్యి కదలకూడదు. ఆ అమ్మాయి అడిగింది అదొక్కటే కదా, అంతకన్నా ఏమీ అడగలేదు కదా అనుకుంటూ సత్యవతమ్మ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీదే కూర్చుంది. చాప పుల్లలు వేళ్ళకి గుచ్చుకుంటున్నాయి. గుచ్చుకోనీ. ఎదురుగా మనవరాలు జ్యోతిర్మయి, రెండున్నరేళ్ళ పిల్ల, చేపలు ఐసులో పెట్టి పంపే తెల్లటి థర్మోకోల్ పెట్టెని కోసి చేసిన కుర్చీలో, నడుముకి పాత చీర ముక్క కట్టుతో కూర్చుని ఉంది. పిల్ల ముందు పీట, పీట మీద తడిగుడ్డ, తడిగుడ్డ మీద జారకుండా అల్యూమినియం గిన్నె, అందులో పండుగప్ప చేప ముళ్ళన్నీ ఏరి మెత్తగా కలిపిన అన్నం. గిన్నెకి ఎడమ పక్కన చెంచా. పిల్ల గుప్పిటకి పట్టు దొరకాలని ఆ చెంచా కాడకి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి లావు చేసింది వినీల. ఇప్పుడు ఆ వినీలే గోడకి ఆనుకుని మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. "పెద్దముల్లు ఆరు మీదకి వచ్చేదాకా మీరు ముట్టుకోవద్దండీ మామ్మగారూ. అరగంటే. ఏడ్చినా సరే" అంది. గడియారంలో పన్నెండు దాటి రెండు నిమిషాలైంది. పిల్ల చెంచా వంక చూడలేదు, గిన్నె వంకా చూడలేదు. అమ్మమ్మ మొహంలోకి చూసి నోరు తెరిచింది.

ఆ నోరు. రోజుకి మూడుసార్లు, రెండేళ్ళుగా, ఆ నోరు అలా తెరుచుకోవడం, తన వేళ్ళు ముద్ద పట్టుకుని అందులోకి వెళ్ళడం, ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకుండా జరిగిపోతూ వచ్చింది. పిల్లతల్లి కనకమహాలక్ష్మి పొద్దున్నే రొయ్యల షెడ్డుకి వెళ్ళిపోతుంది. అల్లుడు అబ్బులు బోటెక్కి సముద్రం మీదకి వెళ్తే ఆరు రోజులో ఏడు రోజులో. ఇంట్లో మిగిలేది తనూ ఈ పిల్లా. ముద్ద ఎంత ఉంటే గొంతుకి అడ్డుపడదో, ఎంతసేపు ఆగి రెండోది పెట్టాలో, ఎటువైపు దవడలో పెడితే బయటికి కారిపోదో ఆ వేళ్ళకి తెలుసు. ముళ్ళు ఏరడం కూడా కళ్ళతో కాదు, వేళ్ళతోనే. కళ్ళు మూసుకుని ఏరమన్నా ఏరుతుంది. అలాంటి వేళ్ళని ఇవాళ కింద పెట్టి కూర్చోమంటోంది ఈ వినీల, పెళ్ళయినా కాని పిల్ల, చిలకలపూడి నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చి.

వినీల మొదట వచ్చింది పోయినేడు శ్రావణంలో. పుట్టగానే ఏడవని పిల్లలు, మెడ నిలపని పిల్లలు ఎవరైనా ఉన్నారా అండీ అని గిలకలదిండిలో వీధివీధీ అడుగుతూ వచ్చింది. బందరులో ఏదో చిన్న సంస్థ అట, ఇళ్ళకే వచ్చి నేర్పుతారట. "మా ఇంట్లో అలాంటివాళ్ళు ఎవరూ లేరమ్మా" అని చంకలో ఉన్న జ్యోతి మీదకి పమిట కప్పుకుని మరీ చెప్పింది సత్యవతమ్మ. మళ్ళీ వారం అదే పిల్ల వచ్చి మంచినీళ్ళు అడిగింది. నీళ్ళు అడిగినవాళ్ళని ఎలా పొమ్మంటాం? అరుగు మీద కూర్చుని తాగింది, వానల సంగతి మాట్లాడింది, సంచిలోంచి చిన్న మువ్వ తీసి ఊరికే చేతిలో ఆడించింది. పమిట కింద పిల్ల తల అటు తిరిగింది. "పాపకి బాగా వినిపిస్తోందండీ" అంది వినీల. అప్పటిదాకా ఆ పిల్లకి చెవులు పనిచేస్తున్నాయో లేదో సత్యవతమ్మకి తెలియదు. అడిగితే లేదంటారేమోనని డాక్టరునీ అడగలేదు, తనని తనూ అడగలేదు. ఇంటికి వచ్చినవాళ్ళందరూ పిల్లకి ఏం లేదో చెప్పి వెళ్ళినవాళ్ళే. ఏం ఉందో చెప్పినది ఈ అమ్మాయే. అందుకే లోపలికి రమ్మంది. ఆ రోజు గురువారం. అప్పట్నించీ ప్రతి గురువారమూ.

మందులేమైనా ఇస్తుందేమో అనుకుంది. ఏమీ లేదు. బొంత చుట్టచుట్టి దాని మీద పిల్లని బోర్లా పడుకోబెట్టేది. ఎదురుగా తనూ బోర్లా పడుకుని, నేల మీద గడ్డం ఆనించి, పిల్ల తల ఎత్తేదాకా వెర్రి మొహాలు పెట్టేది. బిగుసుకుపోయిన కుడిచేతి గుప్పిట విప్పి తడి ఇసకలో పెట్టించేది. పిల్లని ఎత్తుకునే తీరు మార్పించింది, కాళ్ళు అటొకటి ఇటొకటి పడేలా నడుం మీద కూర్చోబెట్టుకోమంది. "వారానికి గంట నేనుంటానండీ. మిగతా వారమంతా టీచరు మీరే" అనేది. యాభై అయిదేళ్ళు దాటాక, వేలిముద్ర తప్ప సంతకం రాని తనని టీచరనడం విని సత్యవతమ్మ నవ్వింది గానీ, ఆ మర్నాటి నుంచీ ఒక్కపూట మానలేదు. సంక్రాంతి వెళ్ళేసరికి మెడ నిలిచింది. ఎండాకాలంలో అబ్బులు రెండు వేటల మధ్య ఇంట్లో కూర్చుని, వినీల కాగితం మీద గీసిచ్చినట్టు, థర్మోకోల్ పెట్టె కోసి కుర్చీ చేశాడు. పిల్ల అందులో కూర్చుని మొదటిసారి ప్రపంచాన్ని నిటారుగా చూసినప్పుడు అబ్బులు బయటికి వెళ్ళి బీడీ వెలిగించుకున్నాడు, చాలాసేపు లోపలికి రాలేదు.

చెంచా కింద పడింది. జ్యోతి ఎడమచెయ్యి ఎటో తగిలి దాన్ని తోసేసింది. వినీల ఒంగి తీసి, తుడిచి, మళ్ళీ అదే చోట పెట్టింది. పిల్ల చేతిని తన చేత్తో చెంచా మీదకి ఒక్కసారి చేర్చి వదిలేసింది. గుప్పిట పడింది. చెంచా లేచింది, గిన్నె అంచుకి కొట్టుకుంది, నాలుగు మెతుకులు పీట మీద పడ్డాయి, చెంచా మళ్ళీ కిందపడింది. జ్యోతి అమ్మమ్మ మొహంలోకి చూసింది. నోరు తెరిచింది. ముద్ద రాలేదు. మూసి మళ్ళీ తెరిచింది. ఇదేంటి, ఇవాళ ఏమైంది అన్నట్టు కనుబొమలు ముడిపడ్డాయి. పెదవి వణికింది, ఏడుపు వచ్చింది. మామూలు పిల్లల ఏడుపు కాదది, గొంతులో ఎక్కడో ఆగి, వంకర్లు పోయి, ఒళ్ళంతా బిగదీసుకుంటూ వచ్చే ఏడుపు. సత్యవతమ్మ కుడిచెయ్యి తొడకింద నుంచి ఎప్పుడు బయటికి వచ్చిందో ఆవిడకే తెలియదు.

"మామ్మగారూ."

"ఏంటమ్మా నువ్వు? ఆకలితో ఉన్న పిల్లని కూర్చోబెట్టి ఏడిపిస్తావా? నీ కడుపున పుడితే తెలుస్తుంది."

అనేశాక నాలిక కరుచుకుంది. వినీల మొహం ఎర్రబడింది. "ఆకలేస్తేనే కదండీ చెయ్యి లేస్తుంది" అంది మెల్లగా. ఆ మాట అంటుండగానే వినీల కడుపు గుర్రుమని గట్టిగా మూలిగింది. ఇద్దరికీ వినిపించింది. "నేనూ పొద్దున్నించీ ఏం తినలేదండీ. పాప తినేదాకా తినకూడదనుకున్నా" అని తలొంచుకుంది. సత్యవతమ్మ చెయ్యి మళ్ళీ తొడకింద పెట్టుకుంది. గడియారంలో పన్నెండూ పది.

పోయిన గురువారం వినీల అడిగింది, "పాప తనంతట తను ఏదైనా తింటుందా అండీ" అని. "నా చేత్తో తప్ప ముట్టదు" అంది తను. ఎంత గొప్పగా అంది! అన్నాక ఆ మాట చెవుల్లో ఉండిపోయింది, వారమంతా. బట్టలుతుకుతుంటే, చేప తోముతుంటే, నా చేత్తో తప్ప ముట్టదు, నా చేత్తో తప్ప. అది కొత్తగా అన్న మాట కాదు. ఇదే గొంతుతో, ఇంతే గొప్పగా, ఇంకొకరి గురించి పదహారేళ్ళు చెప్పుకున్న మాట. గణపతి గురించి. తన మొదటి కాన్పు గురించి. దివిసీమలో కాపరం ఉన్నప్పుడు పుట్టినవాడు. ఆ పేరు ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు. అల్లుడికి తెలుసో లేదో కూడా తెలియదు.

వాడికీ మెడ నిలవలేదు. వాడూ నడవలేదు. వలకి కట్టిన సీసపు గుళ్ళు గలగలమంటే మాత్రం నవ్వేవాడు. ఎంత నవ్వంటే వెల్లకిలా పడి ఊపిరాడక నవ్వేవాడు. అవనిగడ్డలో డాక్టరు చూసి, "ఇంతేనమ్మా, బాగా చూసుకో" అన్నాడు. బాగా చూసుకోవడమంటే ఏమిటో ఆయన చెప్పలేదు, చెప్పడానికి ఇంటికి ఎవరూ రాలేదు. తనకి తెలిసిన చూసుకోవడం పెట్టడమొక్కటే. పెట్టింది. ఉప్పెన వచ్చిన సాయంత్రం వాడికి తొమ్మిదేళ్ళు. ఏడాది పిల్ల కనకాన్ని మొగుడు రత్తయ్య భుజానికెత్తుకుంటే, తను వాణ్ణి తడిచీరతో ఒంటికి కట్టుకుని తాటిచెట్టుని కావలించుకుంది. నీళ్ళు తీశాక చూస్తే కాళ్ళున్నవాళ్ళు, పరుగెత్తగలిగినవాళ్ళు ఎంతోమంది లేరు. కాళ్ళు లేని తన కొడుకు ఉన్నాడు. బందరు వచ్చి పడ్డాక కూడా వాణ్ణి కిందకి దించబుద్ధయ్యేది కాదు. దించితే నీళ్ళు వస్తాయన్నట్టు ఉండేది. పన్నెండేళ్ళవాణ్ణి, పధ్నాలుగేళ్ళవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని తినిపిస్తుంటే వీధిలో ఆడవాళ్ళు ముక్కున వేలేసుకునేవాళ్ళు. "నా చేత్తో తప్ప ముట్టడు" అనేది తను. అప్పుడు తన మొహంలో వెలుగు ఎలా ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది.

వాడికి పదహారో ఏట తనకి గర్భసంచి ఆపరేషనైంది. ఆసుపత్రిలో పన్నెండు రోజులు. ఆడపడుచు లక్ష్మీకాంతాన్ని ఇంట్లో పెట్టి వెళ్ళింది. రత్తయ్య రోజూ సాయంత్రం వచ్చి మంచం పక్కన నిలబడేవాడు. "పిల్లాడు తింటున్నాడా?" "తింటున్నాడులే." "ఎంత తింటున్నాడు?" "తింటున్నాడన్నాను కదే, నువ్వు కదలకు, కుట్లు ఊడతాయి." పదమూడో రోజు ఇంటికి వచ్చి చూస్తే మంచం మీద దుప్పటి కింద ఏమీ లేనట్టుంది. లక్ష్మీకాంతం నోట్లో పెట్టిన ముద్దల్లా బయటికి వదిలేశాడట, గుమ్మం వంక చూస్తూ పడుకునేవాడట. ఆ రోజు తన చేత్తో పాలన్నం పెడితే తిన్నాడు. రెండు ముద్దలు. మూడోది పొలమారింది. తర్వాత దగ్గు, ఎగశ్వాస, పదకొండు రోజులు. పోయాక లక్ష్మీకాంతం తనని పట్టుకుని ఏడుస్తూ అంది, "నీ చేతి ముద్ద కోసమే ప్రాణం ఉగ్గబట్టుకున్నాడు వదినా" అని. ఆ మాటని పద్దెనిమిదేళ్ళు దాచుకుంది సత్యవతమ్మ. ఇంకెవరికీ లేని నగ దాచుకున్నట్టు దాచుకుని, ఒంటరిగా ఉన్నప్పుడు తీసి చూసుకునేది. నా చేతి ముద్ద కోసం. ఈ వారం రోజుల్నించీ దాన్ని ఎటు తిప్పి చూసినా కోసుకుంటోంది.

జ్యోతి ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. ముక్కు కారుతోంది. వినీల మువ్వ తీయబోయి మానేసి, పిల్ల వీపు మీద అరచెయ్యి ఆనించి ఊరుకుంది. బయట ఎవరో ఎండలో ఎండుచేపలు తిరగేస్తున్నారు, ఆ వాసన గుప్పున వచ్చి పోయింది. ఆ వాసనతోపాటు ఒక మధ్యాహ్నం వచ్చింది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ గుర్తురాని మధ్యాహ్నం. గణపతికి పదో పదకొండో. ఒళ్ళో ఉన్నాడు. ఎదురుగా కంచంలో అన్నం, పులుసు. తను పక్కింటావిడతో మాట్లాడుతూ ముద్ద ఆలస్యం చేసింది. వాడి ఎడమచెయ్యి, ఎప్పుడూ గాలిలో ఊగుతుండే చెయ్యి, ఊగుతూ ఊగుతూ వచ్చి కంచంలో పడింది. వేళ్ళు అన్నం మీద మూసుకున్నాయి. పులుసు తన చీర మీద చిందింది. "ఛీ, ఎడంచెయ్యిరా" అంది తను. అంటూనే ముద్దు చేస్తూ, నవ్వుతూ, ఆ చెయ్యి పట్టుకుని ఒక్కో వేలూ పమిటతో తుడిచి, వాడి ఒళ్ళోకి మడిచి పెట్టేసింది. "నీకెందుకురా శ్రమ, నేను లేనూ?" అంది. వాడు మళ్ళీ ఎప్పుడూ చెయ్యి చాపలేదు. లేక చాపాడా? ఇంకెన్నిసార్లు చాపితే ఇంకెన్నిసార్లు తుడిచిందో, గుర్తున్నది ఇదొక్కటే. వాడికి చెయ్యి వచ్చింది. వచ్చిన చేతిని తనే తుడిచి మడిచి పెట్టింది.

"నాకో కొడుకుండేవాడమ్మాయ్" అంది సత్యవతమ్మ. వినీల తలెత్తింది. సత్యవతమ్మ ఆగలేదు, ఆగితే మళ్ళీ చెప్పలేనని, చెప్పుకుంటూ పోయింది. ఆసుపత్రి, పన్నెండు రోజులు, గుమ్మం వంక చూసిన చూపు, కంచంలో పడ్డ చెయ్యి. నాలుగు మాటల్లో అయిపోయింది. పద్దెనిమిదేళ్ళు మోసినది చెప్పడానికి నాలుగు మాటలే పట్టింది. చివర అడిగింది, "నేనే చంపుకున్నానంటావా?"

వినీల పాతికేళ్ళు లేని పిల్ల. ఈ ప్రశ్నకి జవాబు ఏ ట్రైనింగులోనూ చెప్పి ఉండరు. తప్పు మీది కాదండీ అంటుందని, అలా అంటే ఇక ఈ అమ్మాయి మొహం చూడకూడదని సత్యవతమ్మ అనుకుంటూనే ఉంది. "నాకు తెలీదండీ మామ్మగారూ" అంది వినీల. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. "ఏం ఇష్టంగా తినేవాడండీ బాబు?" అని అడిగింది.

ఇన్నేళ్ళలో వాడి గురించి ఈ మాట ఎవరడిగారు? ఎలా పోయాడని అడిగారు, ఎందుకలా పుట్టాడని అడిగారు, మేనరికమా అని అడిగారు. ఏం ఇష్టమని ఎవరడిగారు? "మాగ చేప పులుసు" అంది. "ముక్క కాదమ్మాయ్, ముక్క వద్దు వాడికి. పులుసే కావాలి. అదీ మర్నాటి పులుసు, చింతపండు బాగా పట్టినది. పెడితే ఇలా కళ్ళు మూసుకుని, ఇలా..." చూపించడానికి చేతులు రెండూ బయటికి వచ్చాయి. వాడు పులుపుకి మొహం చిట్లించి, భుజాలు పైకి లాక్కుని, మళ్ళీ కావాలని నాలిక చాపడం చేసి చూపించింది. వినీల ఏడుస్తూనే నవ్వింది. సత్యవతమ్మకీ నవ్వు వచ్చింది. గణపతిని తలుచుకుని నవ్వడం ఇదే మొదలు. "నవ్వితే వెల్లకిలా పడిపోయేవాడు" అని ఇంకా ఏదో చెప్పబోతుంటే వినీల కళ్ళు పక్కకి మళ్ళి అక్కడే ఆగిపోయాయి.

జ్యోతి చెయ్యి గిన్నెలో ఉంది. చెంచా ఎక్కడో ఉంది. ఎడమచెయ్యి, మణికట్టు దాకా అన్నంలో. పిల్ల అమ్మమ్మని చూడటంలేదు, ఎవరినీ చూడటంలేదు, గిన్నెలోకి చూస్తోంది. వేళ్ళు మెల్లగా మూసుకున్నాయి. చెయ్యి లేచింది. సగం దారిలో వణికి, పక్కకి పోయి, చెవి దగ్గరికి వెళ్ళింది. తల చేతి వెనక తిరిగింది. చెయ్యి గడ్డానికి తగిలింది, చెంపకి తగిలింది. గుప్పిట్లోది సగం పైగా పెట్టెలో రాలిపోయింది. మిగిలింది నోటికి తగిలి, నోరు తెరుచుకుని, లోపలికి పోయింది.

వినీల అలవాటుగా చెంచా అందుకోబోయింది. "ఉండు" అంది సత్యవతమ్మ. "మా ఇళ్ళల్లో చెంచాతో ఎవరు తిన్నారమ్మా?" వినీల చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎడంచెయ్యి అన్న మాట సత్యవతమ్మ నాలిక చివరిదాకా వచ్చింది. ఎంతమంది పెద్దవాళ్ళ గొంతులు ఆ మాటని ముందుకు తోశాయో. మింగేసింది. రెండోసారి చెయ్యి గిన్నెలోకి వెళ్ళింది. మూడోసారి. ఒకసారి ఏమీ రాలేదు, ఉత్త వేళ్ళే నోట్లోకి వెళ్ళాయి, వాటినే చప్పరించింది. ఇంకోసారి ముక్కు మీద పడింది. ఒక్కో మెతుకు లోపలికి పోయినప్పుడల్లా సత్యవతమ్మ గొంతు కదిలింది, తనే మింగినట్టు. ఇద్దరు ఆడవాళ్ళు ఊపిరి కూడా చప్పుడు కాకుండా తీసుకుంటూ కూర్చున్నారు. పిల్ల జుట్టులో అన్నం, చెవిలో అన్నం, కనురెప్ప మీద ఒక మెతుకు. తుడవలేదు.

"పన్నెండున్నరైందండీ" అంది వినీల చాలాసేపటికి. "బాగా అలిసిపోయింది. మిగతాది మీరు పెట్టేయండి మామ్మగారూ, కడుపు నిండాలిగా."

సత్యవతమ్మ గబగబా చెయ్యి కడుక్కొచ్చింది. పిల్ల ముందు కూర్చుని, గిన్నెలో ఒక పక్కనుంచి కొంచెం అన్నం తీసి, వేళ్ళ కొసలతో మెత్తగా అదిమి, ఎప్పుడూ చేసేంత ముద్ద చేసి నోటి దగ్గర పెట్టింది. జ్యోతి పెదాలు బిగించింది. సత్యవతమ్మ ముద్దని పెదాలకి తాకించింది. పిల్ల తల అటు తిప్పేసుకుంది. అటునుంచి పెడితే ఇటు తిప్పుకుంది. గొంతులోంచి కోపంగా ఒక మూలుగు. అలిసిపోయిన ఎడమచెయ్యి గిన్నె అంచు పట్టుకుని తనవైపు లాక్కుంటోంది. తడిగుడ్డ మీద గిన్నె కదలడంలేదు, ఇంకా లాగుతోంది.

సత్యవతమ్మ చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. గుండెలో ఏదో చివుక్కుమంది, నిజంగానే చివుక్కుమంది, అబద్ధం ఎందుకు. అదే గుండెలో ఇంకేదో కూడా జరుగుతోంది, దానికి పేరు తెలియదు. ముద్దని ఏం చెయ్యాలో తోచలేదు. గిన్నెలో తిరిగి వెయ్యబుద్ధి కాలేదు. తన నోట్లో పెట్టుకుంది. నమిలితే తెలిసింది, ఉప్పు చాలలేదు.

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. షెడ్డులో భోజనాలకి వదిలితే కనకమహాలక్ష్మి పరుగులాంటి నడకతో వచ్చింది. రొయ్యల పొట్టుకి తెల్లగా నానిపోయిన వేళ్ళు చీరకి తుడుచుకుంటూ, వెలుతురులోంచి చీకట్లోకి వచ్చి ఇంకా ఏమీ కనబడక, "పిల్లకి అన్నం పెట్టావా అమ్మా?" అంది.

సత్యవతమ్మ నోటినిండా ముద్ద ఉంది. పెట్టలేదని తల అడ్డంగా ఊపింది.